వాషింగ్టన్ హోటల్లో హాంకాంగ్ ఖైదీలు

వాషింగ్టన్ చూసొచ్చినవాళ్ళు మీకు తెల్లటి గుమ్మటం, ఎత్తయిన స్తంభం, చెర్రీ పూలు ఫోటోల్లో చూపించే ఉంటారు. నేనూ ఒక వారాంతం అక్కడే ఉండి వచ్చాను. గుమ్మటం కారు అద్దంలోంచి కనిపించింది. ఎర్ర సిగ్నల్ పడింది కాబట్టి పూర్తిగా కనిపించింది. మిగతా కాలమంతా ఒక హోటల్ కింది అంతస్తులో, కిటికీలు లేని హాల్లో కూర్చుని, పదహారేళ్ళ బ్రిటన్‌కీ పదిహేడేళ్ళ చైనాకీ మధ్య ఖైదీల విడుదల చర్చలు చూశాను. ఈ యాత్ర చేసే భాగ్యం మీకు కలగకపోవచ్చు. దిగులు పడకండి, నేను రాస్తున్నాను కదా.

ప్లెయిన్స్‌బరో

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో పద్మ ఆంటీ వాళ్ళ టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో నేను అద్దెకుంటాను. మాస్టర్స్ అయిపోయింది. ఉద్యోగం ఇంకా నన్ను వెతుక్కుంటోంది. అంచేత ఆ ఇంట్లో ఎవరికి ఏ పని పడినా ముందు గుర్తొచ్చేది నేనే.

ఆంటీ కూతురు మేఘన పదకొండో తరగతి. అమెరికా హైస్కూళ్ళలో ఒక ఆట ఉంది. పిల్లలు కోట్లు తొడుక్కుని తలా ఒక దేశమైపోయి, ఏదో ఒక ఊరి హోటల్లో కూడి లోకం సమస్యలు పరిష్కరిస్తారు. మోడల్ యూఎన్ అంటారు. ఈసారి మేఘనకి బ్రిటన్ వచ్చింది. సమస్య 1960ల చివరిది. హాంకాంగ్ అప్పుడు బ్రిటిష్ వలస. అక్కడ గొడవలు చెలరేగితే చైనా పక్షం పత్రికలవాళ్ళను కొందరిని బ్రిటిష్ ప్రభుత్వం జైల్లో వేసింది. చైనా ఊరుకుంటుందా? బీజింగ్‌లో ఉన్న ఒక బ్రిటిష్ విలేకరిని పట్టుకుని, ఆయన ఇంట్లోనే ఒక గదిలో పెట్టి తాళం వేసింది. మావాళ్ళను వదిలితే మీవాణ్ణి వదులుతామని చైనా. మీవాళ్ళు నేరస్థులు, మావాడు అమాయకుడు, ఈ రెంటికీ సంబంధమే లేదని బ్రిటన్. నిజంగా జరిగినప్పుడు ఈ ముచ్చట రెండేళ్ళకు పైగా సాగింది. మేఘన వాళ్ళకి శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా టైమిచ్చారు.

పద్మ ఆంటీ వాళ్ళ తాతగారు స్వాతంత్ర్యోద్యమంలో రాజమండ్రి జైలుకు వెళ్ళొచ్చిన మనిషి. ఆయన ఫోటో హాల్లో ఉంది. సరిగ్గా దాని కిందే నిలబడి మునిమనవరాలు "హర్ మెజెస్టీస్ గవర్నమెంట్ హజ్ బీన్ వెరీ పేషెంట్" అని ప్రాక్టీస్ చేస్తుంటే ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఫోటోలకు ఓపిక ఎక్కువ.

పిల్లతో ఒక పెద్ద తోడు రావాలని స్కూలువాళ్ళ నిబంధన. అంకుల్ హైదరాబాద్‌లో ఉన్నారు. ఆంటీకి ఆ వారాంతం ఆఫీస్ పని.

"నువ్వెళ్ళమ్మా స్వాతీ. ఎప్పుడు చూసినా ఆ బేస్‌మెంట్‌లోనే కూర్చుంటావు. నీకూ కాస్త గాలి మారుద్ది," అంది ఆంటీ. వెళ్ళాక తెలిసింది, ఇంకో బేస్‌మెంట్‌కే పంపిందని.

ఇక అసలు విషయం. మేఘనకి హిస్టరీ అంటే పిచ్చి. మసాచుసెట్స్‌లో ఒక కాలేజీ వేసవిలో నడిపే హిస్టరీ క్యాంపులో తనకి సీటొచ్చింది. ఆంటీ షరతు పెట్టింది. వాషింగ్టన్‌లో బెస్ట్ డెలిగేట్‌కి ఇచ్చే బహుమతి, అంటే ఒక చిన్న చెక్క సుత్తి, తెస్తే క్యాంపు. తేకపోతే వేసవంతా దగ్గర్లోని ఎడిసన్ ఊళ్ళో, కాలేజీ ప్రవేశపరీక్ష శాట్‌కి కోచింగ్.

"ఇది డీల్ కాదు అక్కా. ఇది హోస్టేజ్ సిచ్యుయేషన్," అంది మేఘన సూట్‌కేస్ జిప్ లాగుతూ.

"హోస్టేజ్‌కి మూడు పూటలా నెయ్యేసి పెడుతున్నారు కదమ్మా," అన్నాను.

డెలావేర్ దగ్గర

హైవే పక్కన ఆగాం. మన హైదరాబాద్-విజయవాడ దారిలో బస్సు ఆగితే డ్రైవర్‌కి ఫ్రీగా భోజనం పెట్టే హోటల్ ముందే ఆగుతుంది, మనకి నచ్చినా నచ్చకపోయినా. ఇక్కడ అందరికీ సమానంగా నచ్చని తిండి దొరుకుతుంది. అదే ప్రజాస్వామ్యం కాబోలు. నేను ఒక కాఫీ కొన్నాను. ఆ ధరకి మా జమ్మికుంటలో కాఫీ, టిఫిను, పక్కవాడితో గంటసేపు రాజకీయం, మూడూ వస్తాయి.

మేఘన బయట బల్ల ముందు నిలబడి స్పీచ్ అప్పజెబుతోంది. ట్రక్ ఆపుకున్న ఒక సర్దార్జీ పరాఠా తింటూ శ్రద్ధగా విన్నాడు. నల్లకోటు, చేతిలో ఫైలు, మాటిమాటికీ 'ప్రిజనర్స్' అన్న మాట. నా వైపు జాలిగా తిరిగి హిందీలో అడిగాడు. "మీవాళ్ళెవరైనా లోపలున్నారా, బేటీ?"

"లేదంకుల్, హాంకాంగ్‌వాళ్ళు."

ఆయన తల పంకించాడు. "లాయరు చిన్నపిల్ల. కానీ గొంతు బాగుంది. జడ్జి ఆడమనిషైతే వదిలేస్తారు," అని ధైర్యం చెప్పి, మాకు చెరో ముక్క పరాఠా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ మూడు రోజుల్లో ఖైదీల గురించి నిజంగా బాధపడిన మనిషి ఆయనొక్కడే.

హోటల్

లాబీ నిండా పిల్లలు, పిల్లలంతా కోట్లు. ఫ్రాన్స్ ఒక మూల కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఏడుస్తోంది. బ్రెజిల్ షూ లేసు తొక్కుకుని పడింది. ఈజిప్ట్ ఆరు డాలర్లు పెట్టి మంచినీళ్ళ సీసా కొని, అది కొళాయి నీళ్ళలాగే ఉందని అందరికీ రుచి చూపిస్తోంది. మా మేఘన కొత్త కోటు వెనక చీలికకి షాపువాళ్ళు వేసిన కుట్టు అలాగే ఉంది, చేతి మీద బ్రాండ్ లేబులూ అలాగే ఉంది. ఇంట్లో ఎవరమూ చూసుకోలేదు. రిజిస్ట్రేషన్ లైన్లో నిలబడే నెయిల్ కట్టర్‌తో బ్రిటన్‌ని విప్పాను.

మా స్కూల్లోనూ మాక్ పార్లమెంట్ పెట్టేవారు. నేను స్పీకర్‌ని. నాకు చేతి గడియారం ఉండటమే అర్హత. ప్రతిపక్షం సార్ రాసిచ్చిన ప్రశ్న అడిగేది, ప్రభుత్వం సార్ రాసిచ్చిన జవాబు చెప్పేది, అందరికీ చాక్లెట్లు పంచేవారు. ఇక్కడ పిల్లలు ప్రశ్నలూ జవాబులూ తామే రాసుకుంటారు. పెద్దయ్యాక ఎవరు ఎవరిని పాలిస్తారో ఇక నేను చెప్పక్కర్లేదు.

తోడొచ్చిన పెద్దల కోసం ఒక గది కేటాయించారు. అక్కడ ఒకావిడ ఒడిలో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ పెట్టుకుని కూర్చుంది. పేరు సరళ ఆంటీ. ఊరు వరంగల్, ప్రస్తుతం టెక్సాస్‌లోని ప్లేనో. విమానంలో కుక్కర్ తెచ్చిన మనిషి.

"మీ పిల్ల ఏ దేశం బిడ్డా?"

"బ్రిటన్, ఆంటీ. మీ బాబు?"

"మావోడు నిఖిల్. చైనా." నిట్టూర్చింది. "పొద్దటిసంది గదిలకెల్లి బయటికొస్తలేడు, ఎవల్తోని మాట్లాడ్తలేడు. ఏమన్నంటే రోల్‌ల ఉన్న మమ్మీ అంటడు. ఇంట్ల గూడ గిట్లనే ఉంటడు, అప్పుడు ఏ రోల్‌ల ఉంటడో మరి."

చర్చలు

చర్చల గదిలో బల్ల పెద్దది, దేశాలు కొన్నే. హాంకాంగ్ ప్రభుత్వం పాత్ర ఈథన్ అనే కనెటికట్ కుర్రాడిది. ఆ పిల్లాడి గొంతు మైకుకే కష్టం. లేచినప్పుడల్లా బల్ల గుద్దేవాడు.

"ఒక్క ఖైదీని కూడా వదలం! బెదిరింపులకు లొంగం!"

అందరూ చప్పట్లు. తర్వాత నిఖిల్ లేచి, కాగితంలోంచి తలెత్తకుండా, "ముందు మావాళ్ళను వదలండి" అని కూర్చునేవాడు. తర్వాత మేఘన లేచి, ఆ రెంటికీ సంబంధం లేదని చెప్పేది. మళ్ళీ ఈథన్, మళ్ళీ బల్ల. శనివారం మధ్యాహ్నానికి నాకు ముగ్గురి స్పీచులూ నోటికొచ్చేశాయి. సుత్తి పట్టుకుని అధ్యక్షత వహిస్తున్న కాలేజీ కుర్రాడు హెచ్చరించాడు: ఆదివారం మధ్యాహ్నానికి విలేకరి విడుదల కాకపోతే సభ విఫలమైనట్టే, ఎవరికీ బహుమతి లేదు.

మేఘన నా వైపు చూసింది. ఆ కళ్ళల్లో ఎడిసన్ కనిపించింది.

నేను బాత్రూం వెతుక్కుంటూ పక్క స్టోర్‌రూమ్ తలుపు తీశాను. మడత కుర్చీల మధ్య ఒక పొడుగాటి కాలేజీ కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. మెడలో అట్టముక్క మీద 'ఖైదీ' అని రాసి ఉంది.

"నువ్వేనా ఆ విలేకరివి?"

"అవును. వాళ్ళు లంచ్‌కి వదిలారా?"

"వదిలి చాలాసేపయింది."

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. కోపమేం లేదు. శుక్రవారం నుంచి తన దగ్గరికి ఎవరూ రాలేదట. తన కోసం పక్క గదిలో పేజీలకు పేజీల ప్రసంగాలు నడుస్తున్నాయి, తనకు ఒక పిజ్జా ముక్క పంపాలని ఒక్క దేశానికీ తోచలేదు. ఆటలో ఇదొక్కటే చరిత్రకి దగ్గరగా ఉందనిపించింది. నా బ్యాగులో ఉన్న అరటిపండు ఇచ్చొచ్చాను.

ఫుట్‌పాత్

మూడింటప్పుడు ఫైర్ అలారం మోగింది. ప్రపంచమంతా మెట్లెక్కి బయటికి పరిగెత్తింది. అందరికన్నా చివర సరళ ఆంటీ వచ్చింది, తువ్వాలులో చుట్టిన కుక్కర్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని. సంగతి అర్థమైంది. ఆవిడ గదిలో కుక్కర్ ఆవిరి, పొగని పసిగట్టే యంత్రానికి తగిలింది.

"ఎవల్కి చెప్పకు," అంది నాతో. ఫైర్ ఇంజిన్ అప్పటికే వచ్చింది.

మనవాళ్ళు చేసే పనే ఇది. ఆవిడ బయట కూడా అన్నం వృథా పోనివ్వలేదు. ఫుట్‌పాత్ అంచున కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన చింతపండు పులుసు ఆ అన్నంలో కలిపి, స్టీలు గిన్నెలో పెట్టి మేఘన చేతికిచ్చింది.

"మమ్మీ! షి ఈజ్ లిటరల్లీ బ్రిటన్!" అన్నాడు నిఖిల్. రెండు రోజుల్లో వాడు కాగితం చూడకుండా అన్న మొదటి మాట.

"ఏ దేశమైతేందిరా, ముఖం ఎట్ల వాడిపోయిందో చూడు. తిను బిడ్డా."

బ్రిటన్ తినేసింది. గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ తినేసింది. నాకు మిగల్చలేదు, దాన్నే సామ్రాజ్యవాదం అంటారు.

లోపలికి రానిచ్చాక మేఘన గదిలో గిన్నె శుభ్రంగా కడిగి, తుడిచి, ఇచ్చి రావడానికి బయల్దేరింది.

"ఆగు. ఖాళీ గిన్నె ఇస్తావా?"

"క్లీన్ చేశా కదా అక్కా?"

"మనం ఖాళీ గిన్నె తిరిగివ్వం."

"వై? రూలా?"

"రూలైతే తప్పించుకోవచ్చు. ఇది ఎవరూ అడగరు. అందుకే తప్పించుకోలేం." ఆంటీ కట్టిచ్చిన సున్నుండలు డబ్బాలోంచి తీసి గిన్నెలో పెట్టాను.

"సో, ట్రేడ్ అన్నమాట."

"ట్రేడ్ అని ఆవిడ ముందు అను, గిన్నె నీ నెత్తిన పెట్టి కొడుతుంది. నువ్వు ఆకలిగా ఉన్నావని ఆవిడ పెట్టింది. మన దగ్గర సున్నుండలున్నాయని మనం పెడుతున్నాం. దానికీ దీనికీ ఏం సంబంధం?"

మేఘన గిన్నె పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయింది. నేను ఇంకా ఆకలేస్తోందేమో అనుకున్నాను.

"అక్కా," అంది చివరికి, "మేం టూ డేస్ నుంచి ఖాళీ గిన్నె పట్టుకుని అరుస్తున్నాం."

హాంకాంగ్ దయ

కానీ జైలు తాళాలు ఆటలో ఈథన్‌వి. ఆ సాయంత్రం మేఘన వాణ్ణి లిఫ్ట్ దగ్గర పట్టుకుంది. కొందరు ఖైదీల శిక్ష ముందే ముగించమంది. చైనాని ఏమీ అడగొద్దంది. సత్ప్రవర్తన అని చెప్పమంది.

"అది ఓడిపోవడం కదా?" అన్నాడు ఈథన్.

"కాదు, నీ మెర్సీ. నువ్వే అనౌన్స్ చెయ్. నేను మాట్లాడను."

మెర్సీ అన్న మాట వాడికి బాగా పట్టింది. ఆదివారం పొద్దున్నే లేచి, కళ్ళు మూసుకుని, న్యాయం గురించీ కరుణ గురించీ అంతంతసేపు మాట్లాడి ఇద్దరు ఖైదీలను వదిలాడు. బల్ల గుద్దలేదు, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నిఖిల్ కాగితాల్లో వెతికాడు, దీనికి జవాబు రాసుకుని రాలేదు. మేఘన వైపు చూశాడు. మేఘన పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది, ఏమీ ఎరగనట్టు. వాడి మొహం మెల్లగా మారింది. సరళ ఆంటీ కొడుకు మరి, ఎన్ని గిన్నెలు మోసుంటాడు.

"మా దేశం," అన్నాడు లేచి, "తన సొంత కారణాలతో, విలేకరికి సందర్శకులను అనుమతిస్తోంది."

దేనికి బదులని ఎవరూ అడగలేదు. ఈథన్ మరికొందరిని వదిలాడు, ఇంకా పెద్ద స్పీచ్‌తో. చైనా, తన సొంత కారణాలతో, విలేకరిని నడవాలో తిరగనిచ్చింది. వాడు తిన్నగా నడిచి వెళ్ళి పిజ్జా తెచ్చుకున్నాడు. మేఘనకీ నిఖిల్‌కీ మధ్య ఏం జరుగుతోందో ఈథన్‌కి ఆఖరిదాకా తెలియదు. వాళ్ళింట్లో గిన్నెలు ప్లాస్టిక్‌వి అయ్యుంటాయి, తినగానే పారేసేవి. గడువుకి కాస్త ముందు చివరి ఖైదీ బయటికొచ్చాడు. చైనా, తన సొంత కారణాలతో, తాళం తీసింది. విలేకరి మెడలోంచి అట్టముక్క తీసేసి, "థాంక్స్ గయ్స్" అన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

బెస్ట్ డెలిగేట్ ఈథన్.

అధ్యక్షుడు సుత్తి వాడి చేతికిస్తూ, ఒక మనిషి కరుణ చరిత్ర గతిని ఎలా మార్చిందో చెప్పాడు. మేఘన చప్పట్లు కొట్టింది. కొట్టాలి, ఏం చేస్తుంది? తను చేసిన పని ఎవరికైనా కనిపించి ఉంటే అది జరిగి ఉండేదే కాదు.

బయట లిఫ్ట్ దగ్గర నిఖిల్ ఆగాడు. "అది గిన్నె థింగ్ కదా? మా మమ్మీ చేస్తది," అన్నాడు.

"యా," అంది మేఘన. వాళ్ళిద్దరూ అంతకు మించి మాట్లాడుకోలేదు. సరళ ఆంటీ మాత్రం నన్ను గట్టిగా పట్టుకుని, "సున్నుండలల్ల నెయ్యి జర తక్కువైంది, మీ ఆంటీకి చెప్పు" అంది. ఆవిడ మెచ్చుకోలు అలా ఉంటుంది.

తిరుగు దారి

బాల్టిమోర్ రాకముందే మేఘన వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది. బహుమతి రాలేదని ఏడుస్తుందనుకున్నాను. ఆ మాట చెప్పి, వెంటనే, ఆంటీ నోరు విప్పేలోపల, ఎంతో హుందాగా అంది: "అమ్మా, నేను శాట్ కోచింగ్‌కి వెళ్తాను. నువ్వు చెప్పావని కాదు. నాకే అనిపించింది."

ఏమీ అడగలేదు. క్యాంపు మాటే ఎత్తలేదు. ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. నేను కారు వేగం తగ్గించాను. పిల్ల గిన్నె నిండా పెట్టి పంపింది.

"నా బంగారుతల్లే!" అంది పద్మ ఆంటీ. గొంతులో సంతోషం కారంతా నిండింది. "నాకు తెలుసు, నువ్వే అర్థం చేసుకుంటావని. ఇప్పుడే రిజిస్టర్ చేసేస్తానుండు, డిస్కౌంట్ ఇవాళ్టితో అయిపోద్ది." ఫోన్ పెట్టేసింది.

బాల్టిమోర్ సొరంగం వచ్చింది, పోయింది.

"గిన్నె ఉంచేసుకుంది అక్కా," అంది మేఘన.

"ఆంటీ పక్కదేశం కాదమ్మా," అన్నాను. "ఆంటీ ప్రభుత్వం."

నవ్వుతుందనుకున్నాను. కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఎంత పెద్ద జోకు వేసినా ఒక్కోసారి కారులో మనమొక్కళ్ళమే మిగులుతాం.

మళ్ళీ ప్లెయిన్స్‌బరో

ఇది జరిగి కొన్ని వారాలైంది. వేసవి ఇంకా రాలేదు, శనివారాల కోచింగ్ క్లాసులు అప్పుడే మొదలయ్యాయి, దింపి రావడం నా పని. మేఘన మారు మాట్లాడకుండా వెళుతోంది, వచ్చి లెక్కలు చేసుకుంటోంది, అన్నం దగ్గర మర్యాదగా ఉంటోంది. తలుపులు ధడాల్న వేయడం మానేసింది. అసలు భయం వేసేది అక్కడే. ఆంటీకీ వేసినట్టుంది.

క్యాంపువాళ్ళకి జవాబు చెప్పే గడువు ఇంకా ఉంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే ఉంది, ఎవరూ తీయలేదు, ఎవరూ దాని వైపు చూడరు. నిన్న ఉదయం నేను టీ కోసం పైకి వెళ్ళాను. ఆంటీ నా వైపు వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతోంది.

"స్వాతీ."

"ఆ, ఆంటీ."

"ఆ మసాచుసెట్స్‌లో, హాస్టల్లో, వెజిటేరియన్ దొరుకుద్దంటావా?"

ఇలాంటప్పుడు తల ఎత్తకూడదు. నేను కప్పులోకే చూస్తూ, "కనుక్కుని చెప్తాను ఆంటీ," అన్నాను.

"ఊరికే అడిగాలే." చెక్క మీద కత్తి చప్పుడు కాస్త పెరిగింది. "దానికి మాత్రం చెప్పకు."

చెప్పలేదు. ఇక్కడ ఇంత ధైర్యంగా రాసేశానంటే, మేఘనకి తెలుగు చదవడం రాదు కాబట్టే.